కాలువ నుంచి కేబులు దాకా: రాజోలు దీవిలో ప్రభుత్వ పెట్టుబడి, పేట

మా పేటలో ముసలివాళ్ళని పాత సంగతులు అడిగితే సంవత్సరాలు చెప్పరు. 'కరెంటొచ్చిన ఏడు', 'పసర్లపూడి మంట ఏడు', 'తొంభై ఆరు తుఫాను ఏడు' అంటారు. మలికిపురం మండలంలో పేట మనుషులు పుట్టుకల్నీ పెళ్ళిళ్ళనీ చావుల్నీ ఈ గుర్తుల మీదే లెక్కపెడతారు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదట. అక్కడికి వెళ్ళి చరిత్ర చదివాక గాని నాకో సంగతి తట్టలేదు. ఈ గుర్తుల్లో తుఫాను తప్ప మిగతావన్నీ ప్రభుత్వం డబ్బు పెట్టిన పనుల నుంచి వచ్చినవే.

ఇప్పుడు ప్రభుత్వాలు మళ్ళీ పెద్ద ఎత్తున డబ్బు పెడుతున్నాయి. ఊరూరికీ ఇంటర్నెట్ తీగలు వెయ్యడానికి భారత్ నెట్ సవరించిన పథకం కింద 2023లో కేంద్రం దాదాపు 1.39 లక్షల కోట్ల రూపాయలు ఆమోదించింది. అదే ఏడాది జనవరిలో గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు, 2024 ఫిబ్రవరిలో ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలకు 75,021 కోట్లు కేటాయించింది. డిజిటల్ మార్పు, హరిత మార్పు అని వీటికి పేర్లు. ఇవి కావాలా వద్దా అన్నది ఈ వ్యాసం ప్రశ్న కాదు. తీగా కావాలి, ఎండ నుంచి తీసే కరెంటూ కావాలి. ఈ సొమ్ము ఏ దారిన నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదే ప్రశ్న. నీరు పల్లమెరుగు అంటారు. సర్కారు సొమ్ము పట్టా ఎరుగు. రాజోలు దీవి నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర నాకు నేర్పింది ఇదే.

నీరు

వశిష్ఠకీ వైనతేయకీ సముద్రానికీ మధ్య ఉన్న మా దీవికి కాలువ నీళ్ళు ఊరికే రాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ నీటిని వైనతేయ దాటించడానికి 1850లలో గన్నవరం దగ్గర అక్విడక్టు కట్టారు. ఏటి మీదుగా కాలువని నడిపించిన ఆ కట్టడమే ఈ దీవిని వరి దేశం చేసింది. కోనసీమలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదు. ఆయన కింద పనిచేసిన వీణెం వీరన్న పేరూ చరిత్రలో మిగిలింది. తట్టలతో మట్టి మోసిన వేలమంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇక్కడ గమనించాల్సింది పేర్లు పోవడం ఒక్కటే కాదు. నీళ్ళొచ్చాక భూమి విలువ పెరిగింది. పెరిగిన విలువ భూమి ఉన్నవాడిది. భూమి లేనివాడికి పెరిగింది పని. రెండో పంట వచ్చాక ఊడ్పులు, కోతలు, కాలువ పూడికలు రెండింతలయ్యాయి. పాలేరుతనం మాత్రం పాలేరుతనంగానే ఉంది. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' అనే నాటకం రాశారంటే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. రాష్ట్రంలోకెల్లా పచ్చగా ఉండే నేల నుంచే వచ్చింది.

దీపం

రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. పల్లెల విద్యుదీకరణకి అప్పులిచ్చే కార్పొరేషన్ 1969లో వచ్చింది. ఆ రోజుల్లో ఊరికి కరెంటొచ్చిందని రాయడానికి ఊళ్ళో ఒక్కచోట వాడినా చాలు. ఆ ఒక్కచోటు రైసు మిల్లు కావచ్చు, పెద్ద రైతు మోటారు కావచ్చు. కాగితం మీద ఊరు వెలిగింది, పేటలో కిరసనాయిలు బుడ్డి మిగిలింది. పేదల ఇళ్ళకి ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చే కుటీర జ్యోతి పథకం 1988-89లో గాని రాలేదు. ఆ ఒక్క బల్బు కింద చదువుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. దాని విలువ తక్కువ చెయ్యను. వ్యవసాయ మోటారుకి ఉచిత కరెంటు 2004లో వచ్చింది. ఎస్సీ ఇళ్ళకి 50 యూనిట్లు 2013లో ఉపప్రణాళిక కింద, 200 యూనిట్లు 2019లో వచ్చాయి. ముందు పొలం, తరవాత ఇల్లు. ఇదీ వరస.

కరెంటు ప్రజల ఆస్తిగా ఉండాలన్న ఆలోచన ఎవరిదో కూడా గుర్తుచేసుకోవాలి. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడిగా బాబాసాహెబ్ అంబేద్కర్ నీటిపారుదల, విద్యుత్తు విషయాలు చూశారు. చవగ్గా, సమృద్ధిగా కరెంటు లేకపోతే పరిశ్రమ లేదనీ, పరిశ్రమ లేకపోతే ఈ దేశంలో పేదరికం పోదనీ 1943లోనే వాదించారు. కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని 1947లో 'రాష్ట్రాలు, మైనారిటీలు' అన్న పత్రంలో రాశారు. ఆయన దృష్టిలో ప్రభుత్వ పెట్టుబడి అంటే యజమాని మారడం. మనకొచ్చినదాంట్లో యజమాని మారలేదు, వినియోగదారుల సంఖ్య పెరిగిందంతే.

మంట

ఈ దీవి కింద గ్యాసుంది. ప్రభుత్వ రంగ సంస్థలు బావులు తవ్వాయి, పైపులు వేశాయి. 1995 జనవరి 8న పసర్లపూడి బావి పేలింది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. రాత్రిళ్ళు దీపం అక్కర్లేనంత వెలుగని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. 2026 జనవరి 5న మా మలికిపురం మండలంలోనే ఇరుసుమండ దగ్గర బావి అంటుకుంది. మళ్ళీ జనాన్ని ఊళ్ళొదిలి పొమ్మన్నారు.

బొగ్గు కన్నా గ్యాసు శుభ్రమైనదని పుస్తకాల్లో చదువుతాం. నిజమే. ఆ శుభ్రత గొట్టానికి ఆ చివర ఉంటుంది. పరిహారం రాసేటప్పుడు మొదట అడిగేది ఎన్ని కొబ్బరిచెట్లు, ఎంత చేను అని. ఆ చెట్లెక్కి దింపు తీసేవాడికీ, కాయ వలిచేవాడికీ పోయిన పనిరోజులు ఏ కాలంలో రాస్తారు? శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరి తలలు రాలిపోతుంటే ఇప్పుడూ అదే లెక్క. చెట్టుకి యజమాని ఉన్నాడు. దింపు కూలీకి రికార్డు లేదు.

తీగ

పక్క మండలం సఖినేటిపల్లిలో మోరి అనే ఊరుంది. 2016 డిసెంబరు 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అక్కడికొచ్చి ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చిన తొలి ఊళ్ళలో ఒకటిగా దాన్ని ప్రకటించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ నుంచి ఆచార్యుడు సాల్మన్ డార్విన్ నడిపిన స్మార్ట్ విలేజ్ ప్రయోగానికీ మోరే వేదిక. నెలకి 149 రూపాయలకి టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. ఖర్చు తగ్గించడానికి భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీద తీగ లాగారు. మంచి ఉపాయమే. అయితే తీగ స్తంభం ఉన్న దారినే పోతుంది. ఆ స్తంభం ఏ వీధికి ఎప్పుడొచ్చిందో పైన చూశాం.

మోరి జీడిపప్పుకి పేరున్న ఊరు. జీడిగింజ కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు ఆ రసానికి కాలి నల్లబడతాయి. తీగొచ్చాక పప్పు అమ్మేవాడికి దూరపు బేరం దగ్గరైంది. గింజ కొట్టే మనిషికి ఆ తీగ టీవీ చూపించింది. ఇదీ లాభమే గాని ఇద్దరికీ దక్కింది ఒకే లాభం కాదు.

పేటకి డిజిటల్ అనేది మొదట గట్టిగా తగిలింది హాజరు రూపంలో. 2023 జనవరి నుంచి ఉపాధి పనిలో ఫోన్ యాప్‌లో రోజుకి రెండుసార్లు ఫొటో తియ్యడం తప్పనిసరి చేశారు. ఫొటో ఎక్కకపోతే పని చేసినట్టు లెక్క లేదు. 2024 జనవరి నుంచి ఆధార్ కలవని ఖాతాకి కూలి పడదన్నారు. తీగ పైవాడికి బజారు చూపిస్తే, మనకి మేస్త్రీ కన్ను అయి కూర్చుంది.

ఇంకో అనుభవం ఉంది. 2022లో కొత్త జిల్లాకి అంబేద్కర్ పేరు పెడుతున్నారని మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆపైన జిల్లాలో ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. కరెంటు ప్రజలదిగా ఉండాలన్న మనిషి పేరు కోసం జరిగిన గొడవలో తీగ మీట ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసొచ్చింది.

కప్పు

ఇప్పుడు సోలార్ వంతు. కేంద్రం పథకంలో ఒక ఇంటికి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి 2 కిలోవాట్ల పలకలు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. స్వాగతించాల్సిన మాట. అయినా పలక పెట్టాలంటే కప్పు కావాలి, ఇంటి కాగితం కావాలి, మీటరు పేరు మీద ఉండాలి. మా పేటల్లో శ్లాబు ఇళ్ళు ఎవరి కష్టం? కువైట్, దుబాయ్ వంటిళ్ళలో ఏళ్ళ తరబడి పనిచేసిన మన అక్కలు, పిన్నులు పంపిన డబ్బు అది. వాళ్ళు కట్టిన కప్పు మీదే సర్కారు పలక కూర్చోబోతోంది. ఇంటి కాగితం మాత్రం చాలాచోట్ల చనిపోయిన తాత పేరున ఉంటుంది, లేదా అసలు ఉండదు. రేకుల ఇంట్లో, తాటాకింట్లో ఉన్నవాళ్ళ సంగతేమిటి? పలకొచ్చాక 200 యూనిట్లు అలాగే ఉంటాయా? మిగిలిన కరెంటు గ్రిడ్‌కి పోతే ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఇవి ఇప్పుడే అడగాల్సిన ప్రశ్నలు. పలకలు బిగించాక అడిగితే అర్జీ అవుతుంది. బిగించకముందు అడిగితే షరతు అవుతుంది.

ఏం అడగాలి

రాజోలు, అమలాపురం, పి.గన్నవరం మూడూ రిజర్వుడు నియోజకవర్గాలే. ఎస్సీ ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, గడువు తీరుతుంటే 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. మన చేతిలో సాధనాలు లేవని అనడానికి లేదు. కాబట్టి మూడు సంగతులు అడగాలి. ఒకటి, తీగకీ పలకకీ పెట్టిన ఖర్చు ఊరి లెక్కగా కాకుండా పేటవారీగా గ్రామసభలో చదివి వినిపించాలి. ఊరంతటికీ వేసిన తీగ ఖర్చులో ఎస్సీల వంతు ఇంత అని గుణించి ఉపప్రణాళికలో రాసే పద్ధతిని ఒప్పుకోకూడదు. రెండు, కప్పు లేని ఇళ్ళకి పేట ఉమ్మడి స్థలంలో పలకలు పెట్టి, వాటిని ఆడవాళ్ళ సంఘం పేర రాయాలి. మూడు, బావి, పైపు, డ్రెయిన్ వల్ల నష్టం లెక్కించేటప్పుడు చెట్టుతో పాటు పనిరోజూ రాయాలి.

విద్యార్థులకి ఒక మాట. ఈ చరిత్ర సచివాలయంలో దొరకదు. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు పేటలో ఇల్లిల్లూ తిరిగి పాత కరెంటు పుస్తకాలు అడగండి. ఏ ఇంటికి ఏ ఏడు మీటరొచ్చిందో, ఎవరి పేరునొచ్చిందో రాసుకోండి. అదే ఏడు ఊళ్ళో ఏమేం వచ్చాయో పక్కన రాయండి. రెండు వరసల మధ్య ఎన్నేళ్ళ తేడా ఉందో తేలుతుంది. మేం అలా రాయడం మా పేట నుంచే మొదలుపెట్టాం. మా ఇంటి పుస్తకంలో ఉన్నది తాత పేరు. సోలార్ దరఖాస్తుకి ముందు దాన్ని అమ్మ పేరుకి మార్పించే పనిలో ఉన్నాను.