రహీమ్ సాబ్ మైదాన్ నుంచి గచ్చిబౌలి దాకా: కొన్న ఆట, పెంచిన ఆట



మాది పల్నాడులో ఎత్తిపోతల పక్కన. మా వైపు పిల్లలు వీధిలో ఆడేది క్రికెట్టే. కానీ రాత్రిపూట ఫోన్లలో చూసేది మాత్రం యూరప్ ఫుట్‌బాల్. జనవరి వచ్చినా, జులై వచ్చినా ఇంట్లో ఒకటే బహస్. ఫలానా క్లబ్బు ఫలానా ఆటగాడికి ఇన్ని కోట్లు పోసిందట, అంత ఖరీదు చేస్తాడా? "మామూ, నువ్వు తారీఖ్ పుస్తకాలు చదువుతావు కదా, చెప్పు. అంత పెట్టి కొంటే క్లబ్బుకి ఫైదానా, నుక్సానా?" అని నన్ను లాగుతారు.

ఈ సవాల్‌కి జవాబ్ కోసం మాడ్రిడ్ దాకా వెళ్ళనక్కర్లేదు. సగం జవాబ్ హైదరాబాద్‌లోనే ఉంది. అదీ మన బుజుర్గుల జిందగీల్లో.

ముందు పందెం అనే మాట గురించి రెండు ముక్కలు. పల్నాడు వాళ్ళకి పందెం అంటే కొత్తగా చెప్పాలా? 12వ శతాబ్దంలో ఒక కోడిపందెం మీద ఏడేళ్ళ వనవాసం ఒడ్డారు. బ్రహ్మనాయుడి పక్షం ఓడింది. మలిదేవుడి వాళ్ళు మాచర్ల వదిలి వెళ్ళారు. ఆ కక్ష చివరికి కారంపూడి యుద్ధభూమి దాకా పోయింది. ఈ కథ విన్నప్పుడల్లా నాకు వచ్చే ఖయాల్ ఒకటే. పందెం కాసింది దొరలు. ఇల్లూ పొలమూ వదిలి నడిచింది, యుద్ధంలో కత్తి పట్టింది మామూలు జనం. ఫుట్‌బాల్ క్లబ్బు లెక్క కూడా ఈ కళ్ళతోనే చూడాలి. కొనేది ఎవరు? ఓడితే భరించేది ఎవరు?

ఇక హైదరాబాద్ సంగతి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా వల్ల మన పిల్లలకి కూడా తెలిసింది. ఆయన అసలు పేషా టీచర్. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి ఉస్తాద్. అదే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. దేశంలో పెద్ద పెద్ద క్లబ్బులు ఉండగా, ఒక పోలీసు జట్టు ఇది సాధించింది.

ఆ జట్టు కోసం ఎవరినీ కోట్లు పోసి కొనలేదు. మొహల్లాల్లో ఆడే కుర్రాళ్ళని రహీమ్ సాబ్ వెతికి పట్టుకునేవారు. ఆటగాళ్ళకి పోలీసులో నౌకరీ దొరికేది. గుర్బత్‌లో పెరిగిన పిల్లాడికి నెల జీతం అంటే చిన్న మాట కాదు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాలి, బలహీనమైన కాలితోనే ఆడాలి అని షరతులు పెట్టి కుర్రాళ్ళకి టోర్నమెంట్లు నడిపారాయన. ఆ తాలీమ్‌లోంచి నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ లాంటి వాళ్ళు తయారయ్యారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే రహీమ్ సాబ్‌ని క్యాన్సర్ పట్టి ఉంది. 1963 జూన్‌లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు.

మరి ఆ హైదరాబాద్ ఆట ఎటు పోయింది? సగం కలకత్తాకి పోయింది. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడు బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. 1966లో నయీముద్దీన్, హబీబ్ అదే దారి పట్టారు. హబీబ్ మియాని బెంగాలీలు 'బడే మియా' అని నెత్తిన పెట్టుకున్నారు. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్ళలో ఆయనా ఒకరు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్ నయీముద్దీన్. వాళ్ళు వెళ్ళడంలో నాకు తప్పేమీ కనపడదు. ఆటగాడి కాళ్ళకి ఉమ్ర్ తక్కువ. సంపాదించుకునేది ఆ పదేళ్ళే.

కానీ ఇక్కడ ఒక హిసాబ్ ఉంది. ఆ జమానాలో ఆటగాడు కాగితం మీద అమెచ్యూర్. కలకత్తాలో ట్రాన్స్‌ఫర్ సీజన్ వస్తే, సంతకం అయ్యేదాకా ఆటగాణ్ణి క్లబ్బు మనుషులు ఇళ్ళలో దాచిపెట్టేవాళ్ళు. ఆటగాడికి చేతికింద ఏదో ముట్టేది. అతన్ని పెంచిన జట్టుకి మాత్రం ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటూ ఏదీ లేదు. రహీమ్ సాబ్ ఏళ్ళ తరబడి చేసిన మెహనత్‌కి హైదరాబాద్ ఖజానాలో ఒక్క రూపాయి జమ కాలేదు. ఉస్తాద్ పోయాడు, షాగిర్దులు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళని తయారుచేయడానికి డబ్బు రాలేదు. అందుకే పిల్లలు "ఇంత ఫీజా!" అని ఆశ్చర్యపోతే నేను ఆగమంటాను. ఫీజు ఉండటం జుల్మ్ అనుకోకండి. ఫీజు లేకపోవడం వల్లే మన మైదాన్లు ఎండిపోయాయి.

కొని గెలిచిన వాళ్ళు లేరా? ఉన్నారు. 1891లో పుట్టిన కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ దేశం నలుమూలల నుంచి మంచి ఆటగాళ్ళని పోగేసి, 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగ్ గెలిచింది. అంతకుముందు ఏ హిందుస్తానీ క్లబ్బూ ఆ లీగ్ గెలవలేదు. బయటి నుంచి తెచ్చుకోవడం ఎంత ఎత్తుకి చేర్చగలదో చెప్పడానికి ఇంతకంటే మిసాల్ అక్కర్లేదు. అదే క్లబ్బు 2024లో ఐఎస్‌ఎల్‌కి ఎక్కి, మొదటి సీజన్‌లోనే ఆఖరి స్థానంలో నిలిచింది. ఆటగాళ్ళ జీతాల ఫిర్యాదులు అఖ్బార్లకెక్కాయి.

యూరప్‌లోనూ రెండు రకాల కిస్సాలు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో లీడ్స్ యునైటెడ్ 2000లో రియో ఫెర్డినాండ్‌ని 1.8 కోట్ల పౌండ్లకి కొంది. అప్పటికి అది బ్రిటన్‌లో రికార్డు. రేపు వచ్చే టికెట్ల ఆమ్దనీ చూపించి ఈ రోజే కర్జ్ తెచ్చారు. 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడారు కూడా. కానీ తర్వాత ఆ పోటీకి అర్హత రాలేదు, వస్తుందనుకున్న సొమ్ము రాలేదు. ఆటగాళ్ళని ఒక్కొక్కరినే అమ్ముకుంటూ 2004లో పై డివిజన్ నుంచి, 2007లో దాని కింది డివిజన్ నుంచి కూడా జారిపోయారు.

రెండో కిస్సా ఒకే బేరానికి రెండు వైపులు. 2017లో పారిస్ క్లబ్బు నెయ్‌మార్‌ని 22.2 కోట్ల యూరోలకి తీసుకుంది. చేతిలో పడ్డ ఆ సొమ్ముతో బార్సిలోనా తొందరపడి, 2018 జనవరిలో లివర్‌పూల్ నుంచి కుటిన్యోని తెచ్చింది. దాదాపు 12 కోట్ల యూరోలు, పైన షరతుల మీద ఇంకొంత. లివర్‌పూల్ అదే ఏడాది గోల్‌కీపర్ అలిసన్‌ని తెచ్చుకుంది. డిఫెండర్ వాన్ డైక్‌ని కూడా 7.5 కోట్ల పౌండ్లు పెట్టి ఆ రోజుల్లోనే తీసుకుంది. ఇద్దరూ ఖరీదైన వాళ్ళే. కానీ జట్టుకి ఏ జాగా ఖాళీగా ఉందో చూసి, అమ్మగా వచ్చిన డబ్బు అండతో కొన్నారు. 2019లో యూరప్ కప్ గెలిచారు. కుటిన్యో? బార్సిలోనా అతన్ని బయెర్న్‌కి అరువిస్తే, 2020లో ఆ బయెర్న్ తరఫునే బార్సిలోనా మీద రెండు గోల్స్ కొట్టాడు. ఆ రోజు స్కోరు 8-2. మరుసటి ఏడాది బార్సిలోనా కర్జ్ 135 కోట్ల యూరోలని క్లబ్బు అధ్యక్షుడే చెప్పాడు. మెస్సీని కూడా ఉంచుకోలేకపోయారు.

ఇప్పుడు మళ్ళీ మన గచ్చిబౌలికి వద్దాం. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. రహీమ్ సాబ్ ఊరికి మళ్ళీ ఒక పెద్ద క్లబ్బు. కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్ళని నమ్ముకున్నాడు. 2021లో లిస్టన్ కొలాసోని కలకత్తాకి అమ్మితే, అప్పటికి భారతీయ ఆటగాడికి రికార్డు అనుకున్న ఫీజు వచ్చింది. హబీబ్ మియా కాలంలో రాని సొమ్ము అన్నమాట. ఆ తర్వాతి సీజన్‌లోనే, 2022 మార్చి 20న, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచారు. కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. నైజీరియా ఆటగాడు ఓగ్బెచె ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు.

మన దగ్గర ఖరీదు ఎక్కువగా ఫీజులో ఉండదు, జీతంలో ఉంటుంది. ఫీజు ఒకసారి కడితే అయిపోతుంది. జీతం ప్రతి నెలా వచ్చే కర్జ్. గెలిచిన ఏడాదిన్నరకే క్లబ్బు బాకీలు బయటపడ్డాయి. ఓగ్బెచెకి ఇవ్వాల్సిన సొమ్ముతో సహా బాకీలు తీర్చలేదని, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్నవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో 2023-24 సీజన్ ఆడితే 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

మా ఎత్తిపోతల చూడ్డానికి వచ్చే మెహమాన్లకి నేను ఒక సంగతి చెబుతుంటాను. చంద్రవంకతో పాటు ఇంకొన్ని వాగులు కలిసి ఇక్కడ దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. వానాకాలం ఆ నీళ్ళు కొండల్లోంచి వస్తాయి. వాగు సన్నబడితే, చూసేవాళ్ళ కోసం సాగర్ కాలువల నుంచి నీళ్ళు వదులుతారు. కింద నిలబడి ఫోటో తీసుకునేవాడికి రెండూ ఒకే ధార. పైన కాలువ కట్టేసిన రోజున తేడా తెలుస్తుంది. క్లబ్బు కూడా అంతే. కప్పు ఎత్తిన రాత్రి ఎవరి నీళ్ళో ఎవరికీ కనపడదు.

కాబట్టి పిల్లలకి నా జవాబ్ ఇది. ఖరీదైన ఆటగాణ్ణి కొనడం హరామ్ కాదు, హిమాఖత్ కూడా కాదు. మూడు సంగతులు చూడండి. ఆ సొమ్ము క్లబ్బు సంపాదించిందా, రేపటి ఆశ మీద తెచ్చిందా? అతను రేపు మోకాలు విరగ్గొట్టుకుని కూర్చున్నా గడ్డి కోసే మనిషి దగ్గర నుంచి కెప్టెన్ దాకా అందరి జీతం ఒకటో తారీఖున పడుతుందా? కింద పదిహేనేళ్ళ పిల్లల జట్టు నడుస్తోందా? మూడింటికీ 'హా' అయితే కొనుక్కోనివ్వండి, ఓడినా క్లబ్బు బతుకుతుంది. రెండోదానికి 'నహీ' అయితే కప్పు వచ్చినా సరే నేను షాబాష్ అనను. మజ్దూరీ ఆపడం మన దీన్‌లో ఎంత పెద్ద మాటో మన ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఇంకో మాట. 2001 నుంచి ఫిఫా కాయిదా ఒకటి ఉంది. దేశం దాటే ట్రాన్స్‌ఫర్ ఫీజులో 5 శాతం, ఆ ఆటగాణ్ణి 12 నుంచి 23 ఏళ్ళ దాకా పెంచిన క్లబ్బులకి పంచాలి. ఈ కాయిదా బలరామ్ కాలంలో, దేశం లోపలి బేరాలకి కూడా ఉండి ఉంటే హైదరాబాద్ మైదాన్ల హాల్ వేరేగా ఉండేదని నా యఖీన్. బార్కస్‌లో ఇప్పటికీ పిల్లలు బంతి తన్నుతూనే ఉన్నారు. మీ పిల్లాడు అక్కడో, ఇంకెక్కడో ఏదైనా అకాడమీలో ఆడుతుంటే, అతని రిజిస్ట్రేషన్ కాగితాలు ఏడాది వారీగా జాగ్రత్తగా దాచండి. రేపు ఎవరైనా అతన్ని కొంటే, పెంచిన ఉస్తాద్‌కి హక్ ముట్టేది ఆ కాగితాల మీదే.