ఇల్లు నడిచిన బాట

2012లో ఒక చలికాలపు రాత్రి, శంషాబాదు విమానాశ్రయానికి కొంచెం ఇవతల, రహదారి పక్కన ఆపిన తుఫాన్ బండిలో పదకొండు మందిమి నిద్రపోవడానికి ప్రయత్నించాము. మా చిన్నమ్మ మనుమడు కువైట్ వెళుతున్నాడు. విమానం తెల్లవారుజామున. కడప జిల్లా నుండి బండి బాడుగ, డీజిలు కలిసి అప్పటికే చెయ్యి దాటిపోయాయి గనుక లాడ్జి మాట ఎవరూ ఎత్తలేదు. నేల మీద చాప పరచి, ఇంటి నుండి తెచ్చిన చిత్రాన్నం మూట విప్పి, పిల్లలకు పెడుతూండగా పక్క భవనం కాపలాదారు వచ్చాడు.

“ఏందన్నా, ఈడనే సంసారం పెట్టిన్రా?”

“ఒక్క రాత్రి సంసారమేలే నాయనా” అన్నది చిన్నమ్మ. అతడు నవ్వి, దీపం ఉన్న వైపుకు జరగమని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ మాట నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే ఈ దక్కనులో దారి మీదనే సంసారం పెట్టినవారు, ఒక్క రాత్రికి కాదు, తరతరాలుగా పెట్టినవారు ఉండేవారు.

పదిహేడవ శతాబ్దంలో గోల్కొండకు వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథాన్ని 1676లో ప్రచురించాడు. వర్తకుడు కదా, ప్రతిదానికీ ధర కట్టి చెబుతాడు. ఎద్దులు పూన్చిన ప్రయాణపు బండికి రోజుకు సుమారు ఒక రూపాయి బాడుగ. సూరతు నుండి ఆగ్రాకు 35 నుండి 40 రోజుల దారి, ఖర్చు 40 నుండి 45 రూపాయలు. సూరతు నుండి గోల్కొండకూ దాదాపు అంతే దూరం, అంతే సొమ్ము. ఆ ఎద్దులకు గోధుమపిండిని వెన్నతోనూ బెల్లంతోనూ కలిపి ముద్దలు పెట్టేవారట. శనగలు దంచి నానబెట్టి పెట్టేవారట. మా తుఫాన్ డ్రైవరుకు ఆ రాత్రి దక్కినది రెండు అరటిపండ్లు.

అయితే ఇది కలవారి ప్రయాణం. గోల్కొండకు దక్షిణాన కన్యాకుమారి వైపు చక్రాల బండ్లు నడవవనీ, మనుషులకు పల్లకీలు, సరుకుకు ఎద్దులు, గుర్రాలే గతి అనీ ఆయనే రాశాడు. ఆ ఎద్దులను తోలినవారి గురించి ఆయన రాసిన పుటలే నన్ను ఎక్కువగా పట్టి నిలిపినవి. పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బారుగా ధాన్యమో ఉప్పో మోసుకొని వస్తూంటే, ఇరుకు దారిలో ఎదురుపడిన బాటసారి అవన్నీ దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట. వారిలో నాలుగు తెగలనీ, ఒకటి బియ్యం, ఒకటి ఇతర ధాన్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మాత్రమే మోస్తాయనీ చెబుతాడు. భార్యాబిడ్డలు వెంటే ఉంటారు. డేరా తప్ప వేరే ఇల్లు లేదు.

వీరినే మనం లంబాడీలని, సుగాలీలని, బంజారాలని పిలుస్తున్నాము. లవణం నుండి లంబాడీ వచ్చిందని ఒక వాదం ఉన్నది.

ఇంత దూరపు రవాణా అంత చవకగా ఎలా సాగిందన్నదే నాకు ఆశ్చర్యం. రహస్యం బండి లేకపోవడంలోనే ఉన్నది. బండి ఉంటే ఇరుసు కావాలి, చక్రం కావాలి, వడ్రంగి కావాలి, అన్నిటికంటే ముందు బాట కావాలి. కంట్లం వేసిన పెరికెద్దుకు ఇవేవీ అక్కరలేదు. వాగులో దిగుతుంది, గుట్ట ఎక్కుతుంది. దారి పక్క బీళ్ళలో మేస్తుంది, కనుక మేతకు ఖర్చు లేదు. ఇల్లు కూడా వెంటే నడుస్తున్నది, కనుక సత్రపు ఖర్చు లేదు. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావడం లేదు: కోస్తా ఉప్పు మీదికి, మెట్ట ధాన్యం కిందికి. నడక నెమ్మది. అయితే ఏం, నడిచినంత కాలమూ అది జీవనమే కదా! ఔరంగజేబు దక్కను దండయాత్రలకూ, ఆ తరువాత మైసూరు మీదికి నడిచిన కారన్‌వాలిసు సేనకూ ధాన్యం అందించినది ఈ ఎద్దులే. యుద్ధాలు గెలిచినవారి పేర్లు వీధులకు పెట్టారు, గోనె మోసినవారి పేర్లు ఎవరు రాశారు?

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కృష్ణ దాటి, దక్షిణపు బాటన హైదరాబాదు చేరి, అక్కడి నుండి కాశీకి సాగిపోయినప్పుడు ఆయన వెంట సుమారు నూరు మంది, డేరాలు, పల్లకీ, బోయీలు. సుప్రీం కోర్టు ఉద్యోగి, కలిగినవాడు. కానీ చీకటి పడే వేళకు ఆయన చూసుకొన్నవీ మా చిన్నమ్మ చూసుకొన్నవే: నీళ్ళున్నవా, అంగడి ఉన్నదా, పడుకోవడానికి చోటున్నదా. (మనం టపా అని ముద్దుగా పిలుచుకొనే మాట కూడా అటువంటి బాటల మీద తపాలా సంచితో పరుగెత్తినదేనని ఇక్కడ గుర్తు చేయకుండా ఉండలేను.)

1874లో వాడి నుండి సికిందరాబాదుకు రైలు వచ్చింది. పెరికెద్దు నెల రోజులు మోసేది రైలు ఒక్క రోజులో మోసింది. ఉప్పు ప్రభుత్వపు గుత్త. బీళ్ళు అడవి శాఖ కింద. ఎద్దుల మీద ఉప్పు మోసిన ఎరుకలవారికీ అదే గతి పట్టింది. సరుకు లేని సంచారిని చూసే కన్ను మారింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తరాదికి పరిమితం. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. తిరిగేవాడు దొంగ అన్నది దాని సారం. పుట్టిన బిడ్డ కూడా దొంగే. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలిసింది ఎరుకలవారిని ఒకచోట కట్టివేయడానికే. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకు, 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డు తెగల జాబితాలో చోటు దొరకడానికి 1976 చట్టసవరణ రావలసి వచ్చింది.

ఈ విషయం రాస్తూ నన్ను నేను తప్పించుకోలేను. చిన్నతనంలో మా ఊరి చివర డేరాలు పడితే, “గొలుసులు జాగ్రత్త” అని ఇంటింటా హెచ్చరిక. నేనూ ఆ మాట అన్నవాణ్ణే. చట్టం పోయిన ఎన్నో ఏళ్ళకు కూడా అది మా నోళ్ళలో అమలులోనే ఉన్నది.

తండా అన్న మాటకు అసలు అర్థం కదిలే గుంపు, ఎద్దుల బారు. ఇప్పుడు తండా అంటే ఊరు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 500 జనాభా దాటిన తండాలను గ్రామపంచాయతీలుగా చేసింది. నడిచే మాట కూర్చున్నది, సర్పంచి వచ్చాడు. కూర్చోవడం వారి కోరికో, దారులన్నీ మూసుకుపోగా దొరికిన చోటో, నేను తేల్చలేను.

2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం పక్కనే గగన్‌పహాడ్ అనే ఊరున్నది. విమానాలు వస్తాయని తెలియక ముందే ఎవరు పెట్టారో గానీ, బాగా కుదిరింది. ఆ రాత్రి మూడు గంటలకు పిల్లవాణ్ణి లోపలికి పంపి, అద్దాల అవతల తల కనిపించకుండా పోయేదాకా నిలబడి, వెనక్కి వచ్చాము. చిన్నమ్మ చాప దులిపి చుట్టింది. మిగిలిన చిత్రాన్నం మూటను కాపలాదారు చేతిలో పెట్టింది. “మీ పేరేమి నాయనా?” అని అడిగింది.

నాయక్ అని చెప్పాడు.