అడవికి కట్టిన మంచె

సియాటిల్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాలకి 2020 సెప్టెంబరు గుర్తుండే ఉంటుంది. అసలే కోవిడ్‌తో ఇళ్ళల్లో కూర్చున్నాం, దానికి తోడు కిటికీ తెరవటానికి కూడా వీల్లేకుండా పొగ. మళ్ళీ 2022 సెప్టెంబరులో బోల్ట్ క్రీక్ మంటలు వచ్చినప్పుడు హైవే 2 మూసేశారు. మా ఇంటి ముందు కారు మీద సన్నటి బూడిద పడింది. అప్పుడు మా అమ్మాయికి ఏడేళ్ళు. "నాన్నా, అడవి అంటుకుందని అందరికన్నా ముందు ఎవరు చూస్తారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పటం నాకు సులువే. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే కన్సల్టెంట్‌ని నేను. 2009లో ఎం.ఎస్. చదవటానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. కానీ కొన్నేళ్ళుగా వేసవి శనాదివారాలు మాత్రం కొండలెక్కి, పాత లుకౌట్లని బాగుచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంఘంతో గడుపుతున్నాను. ప్రస్తుతం ఆ సంఘానికి కార్యదర్శిని కూడా. ఈ లుకౌట్లు ఏమిటి, ఎందుకు కట్టారు, వాటిని నిలబెట్టటం మంచిదా కాదా అన్న సంగతులు ఈవేళ మీతో పంచుకుందామని వచ్చాను.

2023 వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు ఇండెక్స్ ఊరి దగ్గర ఉన్న హేబ్రూక్ లుకౌట్‌కి తీసుకెళ్ళాం. మైలుకు పైగా నడక, మధ్యమధ్యలో కూర్చుంటూ ఎక్కింది. చెట్ల మధ్యలోంచి 67 అడుగుల చెక్క గోపురం, దాని నెత్తిన చిన్న గది కనపడగానే అమ్మ ఆగిపోయి, "ఒరే, ఇది మంచె కదరా!" అంది. మా అమ్మది ప్రకాశం జిల్లా. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టల్ని తోలిన మనిషి. నేను ఇన్నేళ్ళూ ఇంగ్లీషు మాటతోనే సరిపెట్టుకున్నాను గానీ, దీనికి అచ్చమైన తెలుగు మాట మా అమ్మకి ఒక్క చూపులో దొరికింది. అక్కడ చేనుకి మంచె, ఇక్కడ అడవికి మంచె.

ఈ కథ 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో మొదలవుతుంది. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ పుట్టి అప్పటికి ఐదేళ్ళే. ఆ వేసవి వానల్లేక ఐడహో, మొంటానా కొండల్లో ఎక్కడికక్కడ చిన్న చిన్న మంటలు రగులుతున్నాయి. ఆ రెండు రోజుల్లో వీచిన పెనుగాలికి అవన్నీ కలిసిపోయి 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. దాదాపు 85 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది మంటలార్పటానికి వెళ్ళిన కూలీలే. ఎడ్ పులాస్కీ అనే రేంజర్ వాలెస్ ఊరి దగ్గర తన వెంట ఉన్న సుమారు 45 మందిని ఒక పాత గని సొరంగంలోకి తోసి, బయటికి పరుగెత్తబోయిన వాళ్ళని పిస్తోలు చూపించి ఆపాడు. ఐదుగురు పోయారు, మిగతా వాళ్ళు బతికారు. ఒకవైపు గొడ్డలి, మరోవైపు పార లాంటి పలక ఉండే పనిముట్టుని ఇప్పటికీ ఆయన పేరుతోనే పులాస్కీ అంటారు. దారి బాగుచెయ్యటానికి మా సంఘం వాళ్ళం మోసుకెళ్ళేది దాన్నే.

ఆ విపత్తు తర్వాత ఫారెస్ట్ సర్వీస్ నేర్చుకున్న పాఠం ఒకటే: నిప్పు చిన్నగా ఉన్నప్పుడే చూడాలి, పెరగకముందే ఆర్పాలి. చూడాలంటే ఎత్తున కూర్చోవాలి. మొదట్లో పొడవాటి చెట్టుకి మేకులు కొట్టి ఎక్కేవారు, కొండకొనన గుడారం వేసుకునేవారు. తర్వాత గదులు కట్టారు. 1930ల్లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు, పనిలేని కుర్రాళ్ళ కోసం 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం మొదలుపెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ చేతుల మీదుగా ఇవి వేలల్లో లేచాయి. దేశం మొత్తం మీద ఒకప్పుడు ఎనిమిది వేలకు పైగా ఉండేవని లెక్క. మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఆరువందలకు పైగా ఉండేవి. ఇప్పుడు వందలోపే మిగిలాయి.

కట్టిన తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఎక్కువగా కట్టిన నమూనా పేరు ఎల్-4. పద్నాలుగు అడుగుల చదరపు గది, నాలుగువైపులా కిటికీలే. చెక్కలన్నీ కింద కోసి, కట్టలు కట్టి, కంచర గాడిదల మీద పైకి చేర్చేవారు. డారింగ్టన్ దగ్గర త్రీ ఫింగర్స్ శిఖరం మీద గది కట్టటానికి చోటు లేకపోతే డైనమైట్ పెట్టి కొండ కొస పేల్చి చదును చేశారు. అక్కడికి వెళ్ళాలంటే ఈరోజుకీ నిచ్చెనలే గతి.

గది మధ్యలో ఒక బల్ల. దాని మీద గుండ్రటి మ్యాపు, మ్యాపు చుట్టూ తిరిగే ఒక ఇత్తడి వలయం. దీన్ని ఆస్బోర్న్ ఫైర్ ఫైండర్ అంటారు. ఫారెస్ట్ సర్వీస్‌లోనే పనిచేసిన విలియం ఆస్బోర్న్ 1911 ప్రాంతంలో తయారుచేశాడు. వలయానికి ఒక చివర సన్నటి చీలిక, ఎదురు చివర నిలువుగా బిగించిన గుర్రపు వెంట్రుక. చీలికలోంచి చూస్తూ వెంట్రుక సరిగ్గా పొగ మీదికి వచ్చేలా తిప్పితే ఎన్ని డిగ్రీల దిక్కులో ఉందో తెలుస్తుంది. ఆ అంకె ఫోనులో కింద ఆఫీసుకి చెబుతారు. ఇంకో కొండ మీది లుకౌట్ ఇంకో అంకె చెబుతాడు. మ్యాపు మీద రెండు గీతలు గీస్తే అవి కలిసిన చోటే నిప్పు. మన సెల్‌ఫోను టవర్లు మనం ఎక్కడున్నామో పట్టుకునే పద్ధతుల్లో ఒకటి ఇదే లెక్క మీద నడుస్తుంది. ఇక్కడ ఆ పని చేసింది ఒక గుర్రపు వెంట్రుక, అంతే. పిడుగులు పడేటప్పుడు నిలబడటానికి కాళ్ళకి గాజు బిళ్ళలు తొడిగిన చిన్న పీట కూడా ఉండేది. ఉరుముల్లో పారిపోకుండా ఆ పీటెక్కి ఎక్కడ పిడుగు పడిందో రాసుకోవటమే ఉద్యోగం!

ఈ ఉద్యోగంలో ఆడవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. 1913లో హాలీ డాగెట్ అనే ఆవిడ ఉత్తర కాలిఫోర్నియాలో ఎడ్డీస్ గల్చ్ లుకౌట్‌లో చేరారు. ఫారెస్ట్ సర్వీస్ లుకౌట్ ఉద్యోగంలో పెట్టుకున్న మొదటి మహిళ ఆవిడే. నాలుగు రోజులు కూడా ఉండలేదనుకున్న మగవాళ్ళ అంచనా తప్పని చాలా వేసవులు అక్కడే పనిచేసి చూపించారు. రచయితలూ వచ్చారు. కవి గ్యారీ స్నైడర్ 1953లో మన నార్త్ కాస్కేడ్స్‌లోని సోర్‌డో కొండ మీద ఉన్నాడు. జాక్ కెరోవాక్ 1956లో డెసొలేషన్ శిఖరం మీద 63 రోజులు ఒంటరిగా గడిపి ఆ అనుభవాన్ని తన నవలల్లో పెట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇవే గదుల్లో కూర్చుని శత్రు విమానాల కోసం ఆకాశం కూడా చూశారు.

యుద్ధం అయ్యాక విమానాలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. ఇప్పుడు ఉపగ్రహాలు, కెమెరాలు. మన నల్లమలలో నిప్పు పుట్టినా భారత అటవీ సర్వే వాళ్ళకి ఉపగ్రహం ద్వారానే కబురందుతోంది. ఖాళీ అయిన లుకౌట్లలో పిల్లలు ఎక్కి పడితే బాధ్యత ఎవరిదన్న భయంతో చాలావాటిని ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళే అగ్గిపుల్ల గీసి కాల్చేశారు. అడవిని నిప్పు నుంచి కాపాడిన గదులు చివరికి అలా నిప్పుకే పోయాయి. మిగిలినవాటిని కాపాడుకుందామని 1990లో ఫారెస్ట్ ఫైర్ లుకౌట్ అసోసియేషన్ ఏర్పడింది. మాలాంటి చిన్న సంఘాలు చాలాచోట్ల ఉన్నాయి.

సంఘం నడపటమంటే కొండెక్కి సుత్తి పట్టుకోవటమే అనుకుని చేరాను నేను. తీరా చూస్తే సగం పని కాగితాలదే. చారిత్రక కట్టడం కాబట్టి ఒక చెక్క మార్చాలన్నా ఫారెస్ట్ సర్వీస్‌తో పాటు రాష్ట్ర చారిత్రక సంరక్షణ కార్యాలయానికీ తెలియాలి. మంచు కరిగేది జులైలో, మళ్ళీ పడేది అక్టోబరులో. ఆ మధ్యలో దొరికేవి పదీ పన్నెండు వారాంతాలు. ఎలుకల పెంటలు మాస్కు లేకుండా ఊడవకూడదు, పాత రంగులో సీసం ఉంటుంది. విల్డర్‌నెస్ ప్రాంతమైతే మోటారు రంపం కూడా వాడకూడదు, ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగే రంపమే.

నేను చేసిన పెద్ద తప్పొకటి చెబుతాను. చేరిన రెండో ఏడు కిటికీ అద్దాలు మార్చే పని నాకప్పగించారు. ఎల్-4 ప్లాన్లు దొరికాయి కదా, కొలతలన్నీ స్ప్రెడ్‌షీటులో వేసి అద్దాలు కోయించాను. పైకెళ్ళి కొలవలేదు. ఎనిమిది మందిమి ఐదు మైళ్ళు వీపుల మీద మోసుకెళ్ళాక చూస్తే చాలా అద్దాలు ఫ్రేముల్లో పట్టలేదు. తొంభై ఏళ్ళు మంచుకీ ఎండకీ చెక్క తిరిగిపోయింది. ఏ రెండు ఫ్రేములూ ఒక కొలతలో లేవు. నాకు తల కొట్టేసినట్టయింది. మాతో ఉన్న ఒక పెద్దాయన, కుర్రతనంలో లుకౌట్‌గా పనిచేసిన మనిషి, ఒక్క మాట కూడా అనకుండా జేబులోంచి టేపు తీసి నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం అన్ని ఫ్రేములూ విడివిడిగా కొలిచి రాసుకుని దిగాను. ఆ టేపు ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న గ్రీన్ మౌంటెన్ లుకౌట్ విషయంలో వచ్చింది. ఇది గ్లేసియర్ పీక్ విల్డర్‌నెస్‌లో ఉంది, 1933లో కట్టారు. మంచు ఒత్తిడికి దెబ్బతింటే విడగొట్టి బాగుచేసి 2009లో హెలికాప్టర్ సాయంతో మళ్ళీ నిలబెట్టారు. 1964 విల్డర్‌నెస్ చట్టం ప్రకారం అక్కడ మనిషి కట్టడాలూ, యంత్రాలూ ఉండకూడదని 2010లో ఒక పర్యావరణ సంస్థ కోర్టుకెళ్ళింది. 2012లో జడ్జి గారు వాళ్ళ వాదనే ఒప్పుకుని గదిని తీసేయమన్నారు. 2014 మార్చిలో దగ్గర్లోని ఓసో ఊరి మీద కొండచరియ విరిగిపడి 43 మంది చనిపోయారు. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆ లోయకి ఇదొక్కటైనా మిగలాలని సెనేటర్ ప్యాటీ ముర్రే, ప్రతినిధి సుజన్ డెల్‌బెనె తదితరులు పట్టుబట్టారు. అదే ఏప్రిల్‌లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది, ఒబామా సంతకం చేశారు, గది నిలబడింది.

నేను ఆ గది ఉండాలనే పక్షం. అయినా కోర్టుకెళ్ళిన వాళ్ళని శత్రువులుగా చూడలేను, ఎందుకంటే మా అమ్మ కూడా అదే అడిగింది. హేబ్రూక్ పైన కూర్చుని పులిహోర తింటూ, "మంచె పంట కోసేదాకేరా. కోతలైపోతే పీకి కట్టెలు ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. మీరెందుకు దీన్ని పట్టుకుని వేలాడుతున్నారు?" అంది.

అప్పుడు నాకు జవాబు తట్టలేదు. పైగా ఇందులో ఇంకో చేదు నిజం ఉంది. 1935లో ఫారెస్ట్ సర్వీస్ ఒక నియమం పెట్టింది: ఎక్కడ పొగ కనపడినా మర్నాడు ఉదయం పది గంటలకల్లా అదుపులోకి రావాలి. 1970ల చివరిదాకా అది నడిచింది. అన్ని మంటలూ ఆర్పేస్తే ఎండుటాకూ, పుల్లా, పొదా అడవిలో పేరుకుపోయాయి. ఈ కొండల్లోని ఆదివాసులు హకిల్‌బెర్రీ పొదల కోసం, వేట మైదానాల కోసం వేల ఏళ్ళుగా అదునెరిగి పెట్టుకునే చిన్న మంటల్ని కూడా నేరమన్నారు. ఇప్పుడు వేడెక్కిన వాతావరణం దానికి తోడైంది. ఈవేళ మనం పీలుస్తున్న పొగలో ఆ పాత తప్పు వాటా కొంత ఉంది. మేం అద్దాలు బిగిస్తున్న గది ఆ తప్పుకి కన్నులా పనిచేసిన గది.

ఆలోచించగా ఆలోచించగా నాకు తోచింది ఇదండీ. మంచె పీకేసినా మా అమ్మకి మంచె తెలుసు, ఎందుకంటే చేను ఉంది, మళ్ళీ ఏడాది మళ్ళీ కడతారు. ఈ లుకౌట్లు మళ్ళీ ఎవరూ కట్టరు. ఇవి పోతే, ఒంటరిగా కూర్చుని కొండల్ని కాపలా కాసిన వాళ్ళ ఓర్పూ పోతుంది, మంచి మనసుతోనే చేసిన ఆ తప్పు జ్ఞాపకమూ పోతుంది. అందుకే మా గదిలో ఇప్పుడు రెండు పలకలు పెట్టాం. ఒకటి ఫైర్ ఫైండర్ ఎలా వాడేవారో చెబుతుంది. రెండోది పది గంటల నియమం గురించి. రెండోదాని కోసం మా సంఘంలో మూడు సమావేశాలు వాదించుకున్నాం. గట్టిగా సమర్థించింది ఆ టేపు ఇచ్చిన పెద్దాయనే.

మనది కాని దేశపు చరిత్ర మనకెందుకని కొందరు మిత్రులు అంటుంటారు. పొగ వచ్చినప్పుడు మన పిల్లల ఊపిరితిత్తులు ఆ తేడా చూడవు కదండీ. ఈ వేసవిలో ఒక్కసారి పిల్లల్ని హేబ్రూక్‌కి తీసుకెళ్ళండి. వెళ్ళేముందు దారి తెరిచి ఉందో లేదో, మంటల హెచ్చరికలేమైనా ఉన్నాయో చూసుకోండి. పైన నిలబడి వాళ్ళని నాలుగు దిక్కులా చూడమనండి, పొగ కనపడితే ఎలా చెప్పాలో మీరే ఆట కట్టించండి. మా అమ్మాయి పోయినసారి ఆ ఆట ఆడి, దూరంగా పైకి లేస్తున్న మంచుతెరని పొగ అనుకుని గట్టిగా అరిచింది. పొరపాటే గానీ, ఆ అరుపు విని నాకు చాలా సంతోషం వేసింది.