థింక్ ట్యాంకులో తొలి ఉద్యోగం: సర్వే ఫారం నింపడం నుంచి నివేదిక రాయడం దాకా

ప్రభుత్వ విధానాల మీద లెక్కలు తీసి, ఊళ్లు తిరిగి, నివేదికలు రాసే సంస్థలను థింక్ ట్యాంకులంటారు. హైదరాబాద్ బేగంపేటలోని సెస్ (1980), బెంగళూరులోని ఐసెక్ (1972), ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ (1973), ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ (2003) ఈ కోవలోవే. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరమే. అయినా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల్లో డిగ్రీ ముగించిన మన పిల్లలకు ఇలాంటి ఉద్యోగం ఒకటుందని చెప్పేవాళ్లు తక్కువ. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, కాకుంటే కియా. అక్కడితో మాట ఆగిపోతుంది.

ఆ పనికి కావలసిన సరుకు మాత్రం లేపాక్షి చుట్టుపక్కలే కుప్పలుగా ఉంది. 2008-09లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా భూమి ఒక ప్రైవేటు కంపెనీకి వెళ్లింది. అందులో రైతుల పట్టా భూములున్నాయి, భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన డీకేటీ పట్టాలూ ఉన్నాయి. చెప్పిన హబ్ లేవలేదు. విషయం సీబీఐ కేసు దాకా, బ్యాంకు అప్పుల దివాలా దాకా వెళ్లింది. పేరులో నాలెడ్జ్ ఉంది గానీ ఆ ఊళ్ల పిల్లలకు అందులో ఒక్క కుర్చీ దొరకలేదు.

ఇక్కడ ఒక పాలసీ పరిశోధకుడు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. అసైన్డ్ భూమిని అమ్మడానికి వీల్లేదని 1977 చట్టం చెబుతోంది కదా, మరి అది చేతులు మారిన దారి ఏది? అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ లెక్కన ఎవరికెంత ముట్టింది? 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై పూర్తి హక్కులిచ్చింది. అసలు పట్టాదారు పేరు అడంగల్‌లో ఇంకా మిగిలి ఉన్న ఊళ్లెన్ని? తాత డీకేటీ పట్టా కాగితం ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్నలు పుస్తకం చూడకుండానే తడతాయి. జీతం మీద వచ్చిన పట్నం పరిశోధకుడికి ఇవి తట్టడానికి ఆరు నెలలు పడుతుంది.

చిక్కంతా ఆ జ్ఞానానికి సంస్థలు ఇచ్చే హోదాలో ఉంది. ఈ సంస్థల్లో మెట్లు సుమారుగా ఇలా ఉంటాయి: ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, రీసెర్చ్ అసిస్టెంట్, రీసెర్చ్ అసోసియేట్, ఫెలో. మొదటి మెట్టుకు దినకూలో, ఫారానికి ఇంతనో ఇస్తారు. మాదిగ గేరిలోకి, ఎస్సీ కాలనీలోకి నడిచి వెళ్లి మాట్లాడగలిగే మనిషి కావాలి కాబట్టి అక్కడ మనవాళ్లను వెతికి మరీ తీసుకుంటారు. ఫారాలు బండిల్ కట్టి పంపాక పని అయిపోతుంది. నివేదిక అట్ట మీద ఇంకెవరి పేరో ఉంటుంది. ఇన్వెస్టిగేటర్ల పేర్లు, వేస్తే, కృతజ్ఞతల పేజీలో. మా ఉద్దేశంలో ఆ పని ఒకటి రెండుసార్లు చేస్తే మేలే, ఫారం ఎక్కడ అబద్ధమాడుతుందో తెలుస్తుంది. మూడోసారి పిలిచినప్పుడు మాత్రం డేటా శుభ్రం చేసే పనో, ఒక అధ్యాయం రాసే పనో అడగాలి. అడిగితేనే ఇస్తారు.

రిజర్వేషన్ సంగతి. సొసైటీగానో ట్రస్టుగానో నడిచే ప్రైవేటు థింక్ ట్యాంకుల ఉద్యోగాలకు అది వర్తించదు. పేరు చూసి పక్కన పెట్టడం ఊహ కాదు. ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ చేసిన అధ్యయనం 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. దళిత పేర్లకు పిలుపులు తక్కువని అది తేల్చింది. వయసు నిబంధన ఇంకో గోడ. ఎంపీల దగ్గర పదకొండు నెలలు పనిచేయించే ల్యాంప్ ఫెలోషిప్ మంచి ద్వారమే, కానీ 25 ఏళ్లలోపు వారికే. ఫీజు కోసం రెండేళ్లు చదువు ఆపి బెంగళూరులో సెక్యూరిటీ డ్యూటీ చేసిన పిల్లవాడు ఆ గీత దాటేసి ఉంటాడు. అలాంటివారికి సెస్, ఐసెక్ లాంటి చోట్ల పీహెచ్‌డీ దారి నయం. జాతీయ ఎస్సీ ఫెలోషిప్ దొరికితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తుంది.

ఎంపికలో మార్కుల కన్నా రాత నమూనా బరువైనది. రెండు మూడు వేల మాటలు, ఒకే ప్రశ్న, మీరే తీసిన లెక్క. ఉదాహరణకు బడ్జెట్ పుస్తకాల్లో 789 అనే మైనర్ హెడ్ కింద ఎస్సీ ఉప ప్రణాళిక నిధులుంటాయి. ఆ అంకెలు చదవగలగడమే పెద్ద విద్య. ఢిల్లీలో ఈ నిధుల నుంచి 744 కోట్లు కామన్‌వెల్త్ క్రీడలకు మళ్లిన సంగతి 2010లో బయటపడింది సమాచార హక్కు దరఖాస్తుతోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉప ప్రణాళికకు చట్టం వచ్చిందంటే, దాని వెనుక బడ్జెట్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న దళిత సంఘాల శ్రమ ఉంది. వాళ్లలో చాలామందికి ఏ థింక్ ట్యాంకు హోదా లేదు.

చేరే ముందు జీతం ఏ ప్రాజెక్టు నుంచి వస్తుందో, అది ఎప్పుడు ముగుస్తుందో కాగితం మీద అడగండి. 2020లో విదేశీ విరాళాల చట్టం మారాక పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడింది. సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు విదేశీ విరాళాల అనుమతి 2023లో నిలిచి, 2024లో రద్దయింది. అంత పెద్ద సంస్థే సిబ్బందిని నిలుపుకోలేకపోయింది. నెల జీతం ఆగితే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలవాళ్లు ఆ మధ్యకాలాన్ని ఈదేస్తారు. మనం ఆరు నెలల అద్దె చేతిలో పెట్టుకునే చేరాలి. రచయితగా పేరు వేస్తారా లేదా అన్నదీ ఆ రోజే అడగాలి.

దరఖాస్తుకు ఇంకా టైముంటే మీ ఊరి ఒక సర్వే నంబరు తీసుకోండి. అడంగల్, 1బి మీసేవలో దొరుకుతాయి. పాత అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలు కోసం తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు ఐదు రూపాయలే. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకుంటే ఆ రాకపోవడాన్ని కూడా తేదీలతో నమూనాలో రాయండి.