పేరుకు హిమాలయం

‘ఒక యోగి ఆత్మకథ’ మన ఇళ్ళల్లో చాలా అల్మారాల్లో కనిపిస్తుంది. అంకితం పేజీ దగ్గర ఆగేవాళ్ళు మాత్రం తక్కువ. పరమహంస యోగానంద 1946లో వచ్చిన ఆ పుస్తకాన్ని లూథర్ బర్బ్యాంక్ అనే అమెరికన్ స్మృతికి అంకితమిచ్చాడు, ఆయన మీద ఒక అధ్యాయం కూడా రాశాడు. బర్బ్యాంక్ సన్యాసేం కాదు. కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో కొత్త కొత్త మొక్కలు పుట్టించి అమ్మిన మనిషి. ఫ్రెంచ్ ఫ్రైస్‌కి వాడే రస్సెట్ బర్బ్యాంక్ బంగాళాదుంప మూలం ఆయన తోటే. ముళ్ళులేని నాగజెముడు కోసం కూడా ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. సియాటిల్ పక్కన ఉంటున్న నాకు మాత్రం ఆయన ముళ్ళ ద్వారానే పరిచయం. ఆగస్టులో మా మోచేతుల దాకా ఉండే గీతలన్నీ ఆయన చలవే.

1885లో బర్బ్యాంక్ ఒక బ్లాక్‌బెర్రీని మార్కెట్లోకి తెచ్చాడు. విత్తనాలు ఇండియా నుంచి తెప్పించుకున్నవి కాబట్టి దానికి ‘హిమాలయా జెయింట్’ అని పేరు పెట్టాడు. నిజానికి ఆ మొక్క స్వస్థలం ఆర్మీనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతం. వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు ‘రూబస్ ఆర్మీనియాకస్’ అంటున్నారు గానీ జనం నోట్లో అది ఇప్పటికీ హిమాలయన్ బ్లాక్‌బెర్రీనే. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు ఆ పేరు విని “అయితే మనదేగా” అంది, స్టీలు గిన్నె నాకిచ్చేసి రెండో చేత్తో కూడా కోస్తూ.

మనది కాదు. ఇక్కడిదీ కాదు. పండు పెద్దది, రసం ఎక్కువ, కాపు విపరీతం. తోటల్లో అందరూ ఇష్టంగా నాటుకున్నారు. పిట్టలు తిని గింజల్ని ఊరంతా చల్లాయి. కొమ్మ వంగి కొస నేలకి తగిలితే చాలు, అక్కడ వేళ్ళూనుకుని ఇంకో పొద మొదలవుతుంది. ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రం దీన్ని హానికరమైన కలుపు జాబితాలో పెట్టింది. కొన్నిచోట్ల మందు కొడతారు, అందుకే బోర్డులు చూడకుండా కోయకూడదు.

ఇక్కడే నన్ను ఆపే సంగతొకటుంది. సియాటిల్‌కి ఉత్తరంగా సుమారు 90 మైళ్ళ దూరంలో బెల్లింగ్‌హామ్ అని ఒక ఊరు. 1907 సెప్టెంబరు 4న అక్కడ కొన్ని వందలమంది తెల్లవాళ్ళు గుంపుగా వెళ్ళి, కలప మిల్లుల్లో పనిచేస్తున్న పంజాబీల్ని గదుల్లోంచి లాగి కొట్టారు. వాళ్ళలో ఎక్కువమంది సిక్కులు, పత్రికలు మాత్రం అందర్నీ ‘హిందువులు’ అన్నాయి. కొద్దిరోజుల్లోనే వాళ్ళంతా ఊరొదిలి వెళ్ళిపోయారు. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారు, పౌరసత్వానికి అర్హులు కారు అని తేల్చింది. ఆయన కూడా ఆరెగాన్‌లో కలప మిల్లులో పనిచేసినవాడే. ఇండియా పేరు తప్పుగా తగిలించుకున్న కంపకి పెరట్లో చోటు దొరికిన కాలంలోనే, నిజంగా ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి అద్దె గది కూడా మిగల్లేదు. బర్బ్యాంక్‌ని దీనికి తప్పుపట్టలేం. అదే 1907లో ఆయన పిల్లల్ని మొక్కల్లా పెంచడం గురించి ఒక పుస్తకం వేశాడు, జాతులు కలవడం అమెరికాకి మేలనే అన్నాడు.

అసలు ఇక్కడి బ్లాక్‌బెర్రీ వేరే ఉంది. ‘రూబస్ అర్సినస్’. నేలమీద పాకే సన్నటి తీగ, కాడ గుండ్రంగా ఉంటుంది, ఆకుకి మూడు రేకులు. హిమాలయన్ కాడ మాత్రం పలకలు పలకలుగా, బొటనవేలంత లావుంటుంది. ఈ చిన్నదాన్లో ఆడ తీగలు వేరు, మగ తీగలు వేరు, అంచేత పూసినవన్నీ కాయవు. అడవి కాలినచోట, నరికినచోట బాగా అల్లుకుంటుంది. కోస్ట్ సేలిష్ ప్రజలు ఈ పండ్లని తాజాగా తినేవాళ్ళు, ఎండబెట్టి దాచుకునేవాళ్ళు, ఆకుతో టీ కాచుకునేవాళ్ళు. ఇక్కడి బేకరీల్లో దొరికే మారియన్‌బెర్రీలో కూడా దీని వారసత్వం ఉంది. ఆరెగాన్‌లో సంకరం చేసి 1956లో విడుదల చేసిన రకం అది.

పై చేయడానికి కూర్చుంటే తేడా తెలుస్తుంది. తొమ్మిదంగుళాల పళ్ళేనికి ఆరు కప్పుల పండ్లు కావాలి. హిమాలయన్ అయితే అరగంటలో గిన్నె నిండుతుంది. చిన్నవాటికి పొద్దుటి పూటంతా సరిపోదు. మైదాలో చల్లటి వెన్న ముక్కలు వేసి, వేడి చేతులతో ఎక్కువ నలపకుండా, ఐసు నీళ్ళతో ముద్ద చేస్తాను. పండ్లలో పంచదార, నిమ్మరసం, పావు కప్పు కార్న్‌ఫ్లోర్. ఒవెన్‌లో పైపొర ఎర్రబడగానే తీసేయకూడదు, మధ్యలో రసం కుతకుత ఉడకాలి. లేకపోతే కార్న్‌ఫ్లోర్ పట్టదు, కోసినప్పుడు పులుసులా కారుతుంది. తీశాక నాలుగు గంటలు ముట్టుకోకుండా ఉండటమే కష్టం.

నేను ఐదు కప్పులు హిమాలయన్ వేసి, ఒక్క కప్పు చిన్న పండ్లు కలుపుతాను. పులుపూ వాసనా ఆ ఒక్క కప్పు వల్లే వస్తాయి. ఈ ఏడాది జూలైలో ఆడ తీగలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకున్నాను. చోటు మాత్రం ఎవరికీ చెప్పను.