మరుగైనది బయలుపడక మానదు



యౌవనస్థులున్న క్రైస్తవ గృహాలలో ఒక ప్రశ్న తరచుగా వస్తూ ఉంటుంది. విశ్వాసి డిటెక్టివ్ నవల చదవవచ్చునా? ఒకప్పుడు మన ఊళ్ళలో రోజుకింత అని పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణాలుండేవి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కథలు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. బైబిలు బల్ల మీద, ఆ నవల తలగడ క్రింద! ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదా? చరిత్రను కొంచెం వెనక్కి తిరిగి చూద్దాం.

మొదటి హత్య ఆదికాండము 4వ అధ్యాయంలోనే ఉన్నది. దేవుడు కయీనును ప్రశ్న అడిగాడు. తెలియక అడగలేదు, ఒప్పుకొనే అవకాశమివ్వడానికి అడిగాడు. 2 సమూయేలు 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త దావీదుకు ఒక కథ చెప్పాడు. కథ వింటూ కోపంతో దోషికి తీర్పు తీర్చిన రాజు, ఆ దోషి తానేనని చివరికి తెలిసికొన్నాడు. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలనీ, న్యాయాధిపతులు బాగుగా విచారించాలనీ ఆజ్ఞాపించుచున్నది.

దానియేలు పేరుతో ఇంకొక రెండు కథలున్నాయి. అవి మన ప్రొటెస్టెంట్ బైబిలులో లేవు, కథోలికుల బైబిలులో ఉన్నాయి. సూసన్న అను స్త్రీపై ఇద్దరు పెద్దలు నింద మోపారు. దానియేలు వారిని విడివిడిగా నిలువబెట్టి, ఏ చెట్టు క్రింద చూశారని అడిగాడు. ఇద్దరూ వేర్వేరు చెట్లు చెప్పారు. నిర్దోషి బ్రదికింది. రెండవ కథలో బేలు విగ్రహమే నైవేద్యం తింటున్నదని పూజారులు చెప్పగా, దానియేలు గుడిలో బూడిద చల్లించాడు. తెల్లవారి చూస్తే నేల మీద మనుష్యుల అడుగుజాడలు! 1928లో డోరతీ సేయర్స్ అను రచయిత్రి అపరాధ పరిశోధన కథలను సంకలనం చేసినప్పుడు ఈ రెంటినీ అందులో చేర్చింది.

ఇంగ్లాండులో జి. కె. చెస్టర్టన్ 1910లో ఫాదర్ బ్రౌన్ అను ఒక పాదిరిని తన కథలలోనికి తెచ్చాడు. పొట్టివాడు, అమాయకంగా కనిపించేవాడు. మొదటి కథలో ఫ్లాంబో అను గజదొంగ గురువు వేషం వేసికొని అతని వద్దనున్న నీలాల సిలువను దొంగిలించబోతాడు. ఇతడు నిజమైన గురువు కాడని ఫాదర్ బ్రౌన్ ఎలా నిర్ధారించుకొన్నాడు? ఫ్లాంబో మానవ బుద్ధిని, తర్కాన్ని తృణీకరించి మాట్లాడాడు. అది తప్పుడు వేదాంతమని ఆ పాదిరికి తెలుసు. విశ్వాసమంటే బుద్ధిని ప్రక్కన పెట్టడం కాదు, ప్రియులారా. తరువాతి కథలలో ఆ ఫ్లాంబో దొంగతనం మానుకొని మారినవాడయ్యాడు. ఇక 1927 నాటి పుస్తకంలో ఫాదర్ బ్రౌన్ తన రహస్యం చెప్తాడు. హంతకుని హృదయంలో ఉన్న పాపం తన హృదయంలో కూడా ఉండగలదని తెలిసికొని, ఆ స్థానంలో తన్ను నిలువబెట్టుకొంటాడట. చెస్టర్టన్ 1922లో రోమన్ కథోలిక సంఘంలో చేరాడు. సిద్ధాంతాలలో మనకు భేదాలున్నా, ఈ పాఠం మనకూ అవసరమే.

రోనాల్డ్ నాక్స్ అనే గురువు 1929లో ఇటువంటి కథలకు పది నియమాలు వ్రాశాడు. దొరికిన ఆధారాలను పాఠకుని వద్ద దాచరాదన్నది అందులో ఒకటి. పాదిరి కుమార్తెయైన డోరతీ సేయర్స్ 1923 నుండి డిటెక్టివ్ నవలలు వ్రాసింది. ఆ కలంతోనే ప్రభువు జీవితాన్ని 12 రేడియో నాటకాలుగా వ్రాయగా, 1941 డిసెంబరు నుండి 1942 అక్టోబరు వరకు బి.బి.సి. ప్రసారం చేసింది. ప్రభువు స్వరాన్ని నటుడు పలకడం తగదని మొదట కొన్ని క్రైస్తవ సంస్థలు తీవ్రంగా ఎదిరించాయి. అయినా ఆ ప్రసారం అనేక గృహాలకు చేరింది.

చదివి విచారించడం మన ఉత్తరాంధ్రకు క్రొత్త కాదు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను మిషనరీలు సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టారు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన పురుషోత్తమ చౌదరి గారు క్రైస్తవ పుస్తకాలు చదివి, సత్యాన్ని పరిశోధించి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆయన చదవడానికి భయపడి ఉంటే నేడు ఆయన కీర్తనలు మన ఆరాధనలో ఉండేవి కావు.

అయితే ఒక హెచ్చరిక. 1995 నుండి 2007 వరకు అమెరికాలో టిమ్ లహే, జెర్రీ జెంకిన్స్ అంత్యదినములను గూర్చి 16 నవలలు వెలువరించారు. ఉత్కంఠతో చదివించే పుస్తకాలే. కాని నవలలోని సంఘటన వాక్యం కాదు. కల్పనను ప్రవచనంగా ఎంచవద్దు. రక్తపాతాన్నీ, దురాశనూ రుచిగా వడ్డించే పుస్తకాన్ని క్రైస్తవ నవల అని పేరున్నా ప్రక్కన పెట్టండి.

చివరిగా మీ సంఘాన్ని గూర్చి ఒక మాట. మంచి డిటెక్టివ్ కథలో మొదటి అనుమానం సాధారణంగా తప్పవుతుంది. మరి మన సంఘాలలో? కానుక పెట్టెలో లెక్క తగ్గితే, ఒక అమ్మాయిని గూర్చి ఒక మాట పుడితే, మనం మొదటి అనుమానంతోనే తీర్పు ముగించడం లేదా? సాక్షులెవరు? విడివిడిగా అడిగినవారెవరు? సూసన్నకు మరణశిక్ష విధించిన సభ కూడా భక్తిగల సభయే!

పుస్తకం మూసిన తరువాత మిమ్మల్ని మీరు ఇలా ప్రశ్నించుకోండి: దోషి దొరికాడని సంతోషించానా, లేక నా హృదయంలో మరుగైనదానిని ప్రభువు ఎదుట ఒప్పుకొన్నానా? లూకా 8:17 చదివి ధ్యానించండి. నవలలోని పరిశోధకుడు దోషిని పట్టుకోగలడు. పట్టుకొన్న దోషి కొరకు ప్రాణం పెట్టినవాడు యేసు ఒక్కడే. ఆయన కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.