నేల లేని రాజ్యము: నార్వే వర్తకనౌకల వృత్తాంతము



రాజ్యమునకు స్వామి, అమాత్యుఁడు, సుహృత్తు, కోశము, రాష్ట్రము, దుర్గము, బలము అని యేడంగములు గలవని మన నీతిశాస్త్రజ్ఞులు చెప్పియున్నారు. ఈ యేడింటిలో రాష్ట్రము, అనఁగా నేల, శత్రువుచేతఁ జిక్కినచో తక్కిన యంగములు నిలుచునా? నిలిచిన నెన్నాళ్లు నిలుచును? రెండవ ప్రపంచయుద్ధకాలమున ఐరోపాఖండపు ఉత్తరపుఁ గొననున్న నార్వే దేశము ఈ ప్రశ్నకుఁ దన యనుభవముచేతనే సమాధానము చెప్పినది. ఐదేండ్లపాటు స్వంతనేల తన చేతిలో లేకయే యది రాజ్యముగా నిలిచెను. దానిని నిలిపినవి కోటలు గావు, గొప్పసేనలును గావు. నూనెను, గోధుమలను, కలపను, ఇనుపరాతిని మోసెడి వర్తకపుటోడలును, వానిలోఁ బాటుపడిన సామాన్యనావికులును దానిని నిలిపిరి. ఆ నావికుల వృత్తాంతమును, వారికి వారి దేశము పడిన ఋణమును గూర్చి నేఁడు కొంత విన్నవించెదను.

నార్వే కొండల దేశము. సాగుకు యోగ్యమైన భూమి నూటికి మూఁడుపాళ్లకు మించదు. సముద్రము కొండల నడుమకుఁ బాయలుగాఁ జొచ్చుకొని వచ్చియుండును. పొలము చాలనివారికి సముద్రమే పొలమైనది. 1940వ సంవత్సరమున ఆ దేశపు జనసంఖ్య సుమారు 30 లక్షలు మాత్రమే. అయినను వర్తకనౌకల విషయమున బ్రిటను, అమెరికా, జపానుల తరువాత నాలుగవ స్థానము దానిదే. అందును కిరసనాయిలు, పెట్రోలు మొదలగు నూనెలను మోసెడి క్రొత్త యోడలు ఆ దేశమువారికి విస్తారముగా నుండెను. ఆ యోడలలోఁ బెక్కు స్వదేశపు రేవుమొగము చూడకయే యేండ్లతరబడి పరదేశపు సరకులను మోయుచుండెడివి.

1940 ఏప్రిల్ 9వ తేదీని జర్మనీ సేనలు నార్వేమీఁదఁ బడెను. ఆ దినముననే క్విస్లింగ్ అనువాఁడు రాజధానిలోని రేడియోకేంద్రమునుండి తానే ప్రధానమంత్రినని చాటుకొనెను. దేశద్రోహి యనుటకు వాని పేరే పర్యాయపదమై నేఁటికిని పెక్కుభాషలలో వాడఁబడుచున్నది. సముద్రముమీఁదనున్న నార్వే యోడలకు జర్మనులకు లోఁబడిన రేడియోనుండి యొక యాజ్ఞ వచ్చెను: స్వదేశపు రేవులకో, జర్మనీకి ననుకూలమైన రేవులకో మరలవలయునని. లండను రేడియోనుండి మఱియొక పిలుపు వచ్చెను: బ్రిటను పక్షపు రేవులకు రావలయునని.

మీరీ సందర్భమును మనస్సున నుంచుకొని యాలోచింపుఁడు. నడిసముద్రమున నొంటియోడ. నాయకుని చెవికి రెండు మాటలు వినవచ్చుచున్నవి. ఒకదానిని విన్నచో నింటికిఁ బోవచ్చును. రెండవదానిని విన్నచో, యుద్ధము ముగియువఱకు నాలుబిడ్డలను జూచుట కల్ల. ఇంటివారు శత్రువుచేతిలోనే యున్నారు. వారికేమి కీడు మూఁడునో తెలియదు. అయినను శత్రువుచేతికి దొరకక వెలుపలనున్న నార్వే యోడలలో నొక్కటియు జర్మనుల యాజ్ఞకు లోఁబడి మరలలేదు. స్వదేశపు రేవులలోను, చుట్టుపట్ల నీటిలోను జిక్కినవి మాత్రము వారివశమయ్యెను. తక్కిన వేయింటికి మించిన యోడలు పరదేశపు రేవులకుఁ జేరెను.

ఏప్రిల్ 22వ తేదీని, కొండలలో దాఁగి తిరుగుచున్న నార్వే ప్రభుత్వమువారు తమ దేశపు పెద్దయోడలనన్నిటిని ప్రభుత్వాధీనము చేయుచు శాసనము గావించిరి. వాని నిర్వహణమునకై లండను, న్యూయార్కు నగరములలో కార్యాలయము లేర్పడెను. ఈ సంస్థకు నోర్ట్రాషిప్ అని పేరు. ఆ నాఁటి లోకమున నింతకుఁ బెద్ద నౌకాసంస్థ లేకుండెను. జూన్ 7వ తేదీని ఏడవ హాకన్ రాజు, మంత్రులు ట్రోమ్సో రేవునుండి బ్రిటిషు యుద్ధనౌకలో వెడలి లండను చేరిరి. ఇట్లు స్వామియు నమాత్యులును పరదేశమున నిలువ, కోశము మాత్రము నీటిమీఁదఁ దేలుచుండెను. ఓడల కిరాయివలన వచ్చిన ధనముతోనే యా ప్రభుత్వము తన ఖర్చులను, సేనల ఖర్చులను భరించెను. కాఁబట్టి వారు పరులయింటఁ దలదాఁచుకొన్నను భిక్షాన్నము తినలేదు.

ఆ యోడల వలన బ్రిటనుకుఁ గలిగిన మేలును సామాన్యము గాదు. బ్రిటను ద్వీపము. తినెడి తిండిలోఁ జాలభాగము సముద్రముమీఁదనే రావలయును. విమానములకు, యుద్ధశకటములకు వలయు నూనె యా దేశమున దాదాపు లేదు, అమెరికాఖండమునుండి తేవలసినదే. 1941వ సంవత్సరప్రాంతమున నట్లు తేఁబడిన నూనెలో నూటికి సుమారు 40 పాళ్లు నార్వే యోడలే మోసినవని లెక్క. ఈ దారిని తెంచినచో బ్రిటను తానే లొంగునని జర్మను సేనానాయకుల తలంపు. అందులకై వారు జలాంతర్గాములను అట్లాంటిక్ మహాసముద్రమున వ్యాపింపఁజేసిరి.

వానినుండి రక్షణకొఱకు ఓడలు కాన్వాయి యనెడు బిడారుగాఁ బోవుచుండెడివి. ఈ పద్ధతి మనకుఁ గ్రొత్తది గాదు. దొంగలభయముగల బాటను సంతకుఁ బోవు పూర్వపు బండ్లవారు ఒంటిగాఁ గదలెడివారు గారు. పదియిరువది బండ్లు కూడఁబలికికొని, కావలివానిని వెంటఁబెట్టుకొని, వరుసగట్టి సాగెడివారు. ఓడలును నట్లే. ముప్పదినలువది యోడలు, ఒక్కొక్కప్పు డంతకు మించియు, పెక్కువరుసలుగాఁ దీరి, సముద్రముమీఁద నొక పెద్ద పొలముచెక్కవలెఁ గదలును. నూనెయోడలను నడుమ నుంతురు. రాత్రి దీపము వెలుఁగరాదు. పొగ విస్తారముగా వెడలరాదు. నిస్తంత్రివార్త పంపరాదు. పగలు జెండాలతోడనే మాటలాడుకొనవలయును. కటికచీఁకటిలో, మంచులో, ముందుపోవు నోడను దాఁకక, వెనుకఁబడక నడుపుట యే యొక మహావిద్య.

బండ్ల వరుసలో మిక్కిలి మెల్లగా నడచు నెద్దు నడకయే అందఱినడక యగును గదా. కాన్వాయిలలోను నంతే. అందుచేతఁ బాతపొగయోడల కన్నిటికిఁ గలిపి మందగతి కాన్వాయిలని వేఱుగా నేర్పఱచిరి. ఇవి గంటకు ఏడెనిమిది సముద్రపుమైళ్లకంటె నెక్కువ పోఁజాలవు. నీటిపైకి వచ్చిన జలాంతర్గామి వానికి రెట్టింపు వేగమునఁ బోఁగలదు. పందెము మొదలిడకముందే ఎవరికి గెలుపో తెలిసియున్నట్లే.

1940 అక్టోబరు 5వ తేదీని కెనడాదేశపు తూర్పుతీరమునందలి సిడ్నీ రేవునుండి యిట్టి మందగతి కాన్వాయి యొకటి బయలుదేఱెను. ఎస్‌సీ 7 అని దానికి గుర్తు. 35 ఓడలు. మొదట వానికిఁ దోడువచ్చిన యుద్ధనౌక యొక్కటియే. బ్రిటను సమీపించిన తరువాత మఱికొన్ని వచ్చి కలిసెను గాని, అప్పటికే జర్మను జలాంతర్గాములు తోడేళ్ల మందవలెఁ గూడియుండెను. 18వ తేదీ రాత్రి యవి వరుసల నడుమకే చొచ్చి, యోడ తరువాత నోడను గొట్టసాగెను. ఆ ప్రయాణమున 35లో 20 ఓడలు మునిఁగెను. అందు స్నేఫ్‌యెల్ అను నార్వే పొగయోడ యొకటి. అది చిన్నది, పాతది. కలప నెత్తుకొని వచ్చుచుండెను. దానిలోని నావికులు పడవలలోనికి దిగి, చలిగాలిలోఁ గొన్ని దినములు తేలిన పిమ్మట, బ్రిటిషు రక్షణనౌక కంటఁబడి బ్రదికిరి. వారి యదృష్టము మంచిది. అందఱి యదృష్టము నట్లు లేకపోయెను.

ఏ యోడలో నే సరకు గలదో దానినిబట్టియే నావికుఁడు తన చావును దలపోసికొనెడివాఁడు. కలప నింపిన యోడ దెబ్బతిన్నను గొంతసేపు తేలును. ఇనుపరాతిని నింపినది ఒకటి రెండు నిమిషములలోనే రాయివలె మునుఁగును. పడవ దించుటకైనను వ్యవధి యుండదు. విమానముల పెట్రోలు నింపినది చుట్టునున్న సముద్రమును గూడ మండించును. అట్టి యోడ యడుగున, బొయిలరుల ముందు, బొగ్గు వేయువారు నాలుగుగంటల వంతునఁ బనిచేయుచుందురు. టార్పెడో తఱచుగాఁ దగులునది వారున్న తావుననే. పైకి వచ్చుటకు నిచ్చెన యొక్కటియే గతి. ఇది తెలిసియే వారు ప్రతిదినమును రెండుమార్లు ఆ నిచ్చెన దిగుచుండిరి. యుద్ధభటునికిఁ దుపాకి యుండును, ఎదిరించితినను తృప్తియుండును. వీరికి చేతిలోని పాఱయే యాయుధము.

ఇంటివార్తయు వారికి దుర్లభమయ్యెను. రెడ్‌క్రాసు సంఘమువారి ద్వారా 25 మాటలకు మించని చిన్నకమ్మ యెన్ని నెలలకో యొకటి వచ్చెడిది. తల్లి బ్రదికియున్నదా, బిడ్డ నడచుచున్నదా యనునది యా యిరువదియైదు మాటలలోనే యిముడవలయును. ఓడ మునిఁగి ప్రాణముతో బయటఁబడినవాఁడు కొన్ని వారములకే మఱియొక యోడ యెక్కెడివాఁడు. మూఁడుమార్లు మునిఁగియు మరల నెక్కినవారును గలరు.

ఈ యోడలు అట్లాంటిక్ సముద్రముననే గాక మన బంగాళాఖాతమునను దిరుగుచుండెను. 1942 ఏప్రిల్ 6వ తేదీని జపానువారు విశాఖపట్టణముమీఁదను, కాకినాడమీఁదను బాంబులు వేసిన సంగతి మన తీరపువాసులు తరతరములుగాఁ జెప్పుకొనుచున్నదే. ఆ దినముననే మన తూర్పుతీరము వెంబడి జపాను యుద్ధనౌకలు ముంచిన వర్తకనౌకలలో డాగ్‌ఫ్రెడ్, ఎల్సా, హెర్మోద్ మొదలగు నార్వే యోడలును గలవు. కావున నీ కథ మనకు బొత్తిగా దూరపుఁ గథ గాదు. మన సముద్రపు టడుగునను దాని శేషము గలదు.

1943 మేనెలలో యుద్ధగతి మారెను. దూరమునుండి శత్రువును బసిగట్టు రాడారు యంత్రము, ఎక్కువదూరము పోఁగల విమానములు, క్రొత్త రక్షణనౌకలు ఏకమై ఆ యొక్క నెలలోనే 40కి పైగా జలాంతర్గాములను రూపుమాపెను. జర్మను నౌకాధిపతి తన జలాంతర్గాములను ఉత్తర అట్లాంటిక్ నుండి మరలించుకొనెను. 1945 మే 8వ తేదీని నార్వే విముక్తమాయెను. తాను దేశము వీడిన జూన్ 7వ తేదీనాఁడే, సరిగా నైదేండ్లకు, హాకన్ రాజు రాజధానికి మరలివచ్చెను. అప్పటికి సుమారు 500 నార్వే వర్తకనౌకలు సముద్రగర్భమునఁ గలిసియుండెను. 3,000 మందికి పైగా నావికులు తిరిగి రాలేదు.

కథ యింతటితో ముగిసినచో సంతోషమే. కాని తరువాతి భాగము చెప్పక విడుచుట న్యాయము గాదు. యుద్ధారంభమున నార్వే నావికులకు లభించెడి యపాయభత్యము బ్రిటిషు నావికులదానికంటె హెచ్చుగా నుండఁగా, 1940లో దానిని తగ్గించి సమానము చేసిరి. తగ్గించిన సొమ్మును వేఱొక రహస్యనిధిగా నుంచిరి. యుద్ధానంతర మది తమకుఁ జేరునని నావికులు నమ్మిరి. 1948లో ఆ దేశపు శాసనసభ, ఆ ధనమును అందఱికిఁ బంచక, దుస్థితిలోనున్న నావికులకును విధవలకును సహాయముగా నీయవలయునని నిర్ణయించెను. నావికులు న్యాయస్థానమున కెక్కిరి. 1954లో సర్వోన్నతన్యాయస్థానము వారికిఁ బ్రతికూలముగాఁ దీర్పు చెప్పెను.

చట్టప్రకారము తీర్పు సరియే కావచ్చును. కాని వారు కోరినది యాచకుని కిచ్చు దానము గాదు. కూలివాని కీయవలసిన కూలి. ఈ రెంటికిఁ గల భేదము కళ్లము ముందు నిలిచిన ప్రతి రైతుకును దెలియును. అంతలో నావికులలోఁ బెక్కండ్రు నిద్ర పట్టక, చేతులు వడఁకి, పని చేయలేక, త్రాగుఁబోతులని నిందలు పడిరి. అది దుర్గుణము గాదనియు, ఏండ్లతరబడి మృత్యుభయమున బ్రదికినందువలనఁ బుట్టిన వ్యాధియనియు వైద్యులు పరిశోధించి స్థాపించుటకు మఱియిరువదియేండ్లు పట్టెను. 1972లో శాసనసభ మనసు మార్చుకొని, యుద్ధమున నోడపై గడపిన నెల యొక్కంటికి 180 క్రోనరుల చొప్పున నావికులకో, వారి వారసులకో యిచ్చుటకు సమ్మతించెను. 2013లో ఆ దేశపు రక్షణమంత్రి ప్రభుత్వపక్షమున నావికులకు క్షమాపణ చెప్పెను. అప్పటికి వినుటకు మిగిలిన చెవులు మిక్కిలి కొలఁది.

నార్వే దక్షిణతీరమున క్రిస్టియన్‌సాన్ అను రేవుపట్టణము గలదు. అచ్చట హెస్ట్‌మాండెన్ అను పొగయోడ నేఁటికిని భద్రపఱుపఁబడియున్నది. 1911లో బెర్గెన్ నగరమునఁ గట్టఁబడి, రెండు ప్రపంచయుద్ధములలోను సరకులు మోసి, మునుఁగక మిగిలిన యోడ యది. దానినే యుద్ధనావికుల స్మారకశాలగాఁ జేసిరి. దానిలో దిగి చూచువారు బొయిలరుల గదిని, ఆ యిఱుకు నిచ్చెనను గన్నులారఁ జూడవచ్చును.

నీతిశాస్త్రజ్ఞులు చెప్పిన యేడంగములలో బొగ్గువేయువాని పేరు లేదు. కాని నార్వేదేశపు రాజు సింహాసనము మరల నెక్కుటకు ఆ నిచ్చెన దిగినవారే యాధారమైరి. రాజ్యము నిలిచినపిమ్మట, దానిని మోసిన భుజములను దలఁచుకొనుట పాలకుల మొదటి ధర్మము. ఆ ధర్మము నాలస్యముగానైనను నెఱవేర్చుట మేలే. కాని కూలి యీయవలసినది కూలివాని చెమట యాఱకముందని మన పెద్దలు పొలముగట్టుననే నేర్చియున్నారు. ఆ మాట గద్దెలమీఁదనున్నవారును మఱవకుందురుగాక.